మూడో ఆంప్లిఫయరు

ఇంకొకటా? మూడో ఆంప్లిఫయరా? ఏం అంతోణీ, ఆయన అడిగితే నువ్వు సరి అనేసేదేనా? ఇంట్లో ఉండేది ఒక రూము, ఇద్దరం మనుషులం. దానికి అమ్మవారి పండగకి మైకుసెట్టు కట్టినట్టు మూడు పెట్టెలు!

నవ్వద్దు తంబీ. నేను నీ అంగడికి వచ్చిన సంగతి మీ మామకి తెలీదు. కోవిల్‌పట్టిలో పప్పు కొనాలని చెప్పి బస్సెక్కినా.

మొదట బాగానే ఉండె గదా. పాట పెడతాడు, తల ఆడిస్తాడు, నా మొగుడు ఆయన లోకంలో ఆయన. ఆ పైన మొదలైంది. మృదంగం వినిపిస్తా ఉండాది, తాళాల చప్పుడు వినిపించలేదే అని. నువ్వేమంటివి? స్పీకరు పెట్టెలో పెద్దదానికి ఒక ఆంప్లిఫయరు, చిన్నదానికి ఒకటి, వేరేగా ఇస్తే తాళాల మాదిరి సన్న సత్తం తేలుతుందంటివి. రెండోది చేసిస్తివి.

స్పీకరు పెట్టె ఎనక పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపే ఇత్తడి పట్టీ ఉండాదే, అది తీసేసి రెండోది తగిలించమని చెప్పినావంట. ఆయన తీయలేదు. మరిచిపోలేదు అంతోణీ. నువ్వు చెప్పింది ఆయనకి వినిపించలేదు.

పాట పెట్టంగానే ఆంప్లిఫయరులోంచి పొగ లేచింది. నేను ఎనకాల నిలబడి పొగ, పొగ అని గొంతు చించుకున్నా. మహారాజు తిరగలేదు. వాసన తగిలినాక, "ఏమే, పొయ్యి మీద ఏం మాడ్చినావ్?" అంటాడు!

అప్పుడే విరుదునగర్‌లో చెవుల డాక్టరు కాడికి పిలుచుకొని పోయినా. ఇరవై రెండేళ్లు పవర్లూం షెడ్డులో ఆ మగ్గాల మోతలో తరి నేస్తే ఏమౌతుంది? సన్న సత్తాలన్నీ పోయినాయంట. తరి మానకపోతే మిగిలిందీ పోతుందంట. డాక్టరు నాకు చెప్తా ఉంటే, ఆయన పక్కన కూచొని అంతా తెలిసినోడి మాదిరి తల ఊపుతా ఉండాడు.

బస్సులో అడిగినాడు, డాక్టరు ఏమన్నాడే అని. పరీక్ష రాసొచ్చిన బిడ్డ మొహం. తరి దిగితే ఆయనకి ఇంకే పని వచ్చు? మేమేం తినేది? నాకు భయమేసింది తంబీ. "మీ చెవులు బాగుండాయి, తప్పంతా స్పీకరుదే!" అని అరిచినా. బస్సంతా తిరిగి చూసింది.

ఆమా, అవును, నేనే చెప్పినా. ఎందుకట్ల చూస్తావు? మూడోది కావాలని ఆయన్ని నీ మీదికి తోలింది నేనే. దినమూ చద్ది కట్టిచ్చి షెడ్డుకి పంపేదీ నేనే.

నువ్వు ఆయనకి చెప్పు అంతోణీ, స్పీకరు పెట్టెలో తప్పేం లేదని. ఏం, నా నోటితో చెప్పకూడదా అంటావా? చెప్పినా.

నిన్న సాయంత్రం పాట వింటా ఉండాడు. ఎనకాల బట్టలు మడతపెడతా అంతా చెప్పేసినా. డాక్టరు మాట, నా అబద్దం, అన్నీ. ఏడ్చుకుంటానే చెప్పినా. అంతా అయినాక ఇట్ల తిరిగి, "ఏమన్నా అన్నావా?" అన్నాడు.

"అన్నం పెట్టేదా?" అని అరిచినా. బాగా ఆకలి మీద ఉండాడు, రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు.