మహబూలాలో దుప్పి వేట

చినబాబు నోరు తెరిస్తే నా కొట్లో రెండో గ్లాసు చాయ్ ఖాయం. అందుకే అతన్ని నేనెప్పుడూ ఆపను. నా పేరు లాల్ బాషా, మాది రాయచోటి. కువైట్‌లోని మహబూలాలో ఒక బకాలా, అంటే కిరాణా కొట్టు, పక్క సందులో నాది చిన్న టీ కొట్టు. చినబాబుది రంపచోడవరం కొండల్లో ఒక పల్లె. డ్రైవరు పని అని చెప్పి కువైట్‌కి తెచ్చి, తీసుకుపోయి ఎడారిలో గొర్రెల దగ్గర వదిలారు. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చి, ఇక్కడుండటానికి కావాల్సిన ఇఖామా కార్డు లేకుండా కార్లు కడుక్కుంటూ పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "ఈ ఏడు కుదరదులే, పై ఏడొస్తాను" అని భార్యకి చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

ఇఖామా లేని మనిషి ఇంటికి పోవాలంటే జైలు మీదుగా పోవాల్సిందే. ఆ ఏడు మాత్రం ప్రభుత్వం ఆమ్నెస్టీ ఇచ్చింది. గడువులోగా ఎంబసీలో ఔట్‌పాసు తీసుకున్నవాళ్లకి జరిమానా లేదు, జైలు లేదు, నేరుగా విమానమే. ఆ గడువు ఆ వారంతో సరి.

పొద్దున్నే ఖాసిం వలి వ్యాను తెచ్చి కొట్టు ముందు ఆపాడు. మనవాళ్లని ఎంబసీకి చేరవేయడమే ఆ నెలంతా అతని పని. వ్యాన్లో అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. నల్ల అబాయా, మొహం సగం కప్పేసిన స్కార్ఫు.

"చినబాబన్నా, లెయ్, పోదాం పా. లైను శానా ఉంటాది," అన్నాడు ఖాసిం.

చినబాబు బెంచీ మీంచి కదల్లేదు. చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

"కూర్చోవయ్యా. నీలాగ తొందరపడ్డోడు జన్మలో జింకని కొట్టలేడు. ఈ నెల్లోనే మా కొండల్లో భూమి పండగ, తెలుసా? విత్తనాలు చల్లేముందు మగాళ్లందరూ విల్లంబులు పట్టుకుని వేటకి బయల్దేరతారు. ఆయ్, ఫారెస్టోళ్లు ఒప్పుకోరనుకో, అది వేరే సంగతి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. ఒక కొండగొర్రెని కొట్టేను. పెద్దదేం కాదు, మేకపిల్లంత. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గనక ఉన్నదున్నట్టు చెప్తన్నాను, మేకపిల్లంతే."

"మేకపిల్లనే కొట్టినావేమో," అన్నాను.

"నువ్వు చాయ్ కాచుకో బాషా, నడిమధ్యలో దూరకు. ఇంతకీ కొత్తోళ్లందరూ చేసే తప్పేంటో తెలుసా? గాలి చూసుకోరు. జింకకి కళ్లకన్నా ముక్కు గట్టిది. గాలి మన మీంచి దాని మీదకి పోయిందా, ఖలాస్, మన చెమట వాసన దానికి ముందే చేరిపోద్ది. మా బావమరిది ఉన్నాడు చూడు, వేటకొచ్చే ముందు వాసన సబ్బుతో తానం చేసి, మొహానికి పౌడరు రాసుకుని, పెళ్లిచూపులకొచ్చినట్టొచ్చేవాడు. ఆ చుట్టుపక్కల జింకలన్నీ తుమ్ముకుంటా వేరే కొండకి పోయేయి. గుప్పెడు దుమ్ము వదిలి అదెటు పోద్దో చూసుకోవాలి, గాలికి ఎదురుగా నడవాలి, ఒంటికి మట్టీ ఆకుపసరూ రుద్దుకోవాలి. నేనెలా రుద్దుకునేవాణ్ణంటే, ఒకసారి చెట్టని చెప్పి పిట్టొచ్చి నా భుజం మీద గూడు కట్టడం మొదలెట్టింది. నేను కదిల్తే ఒట్టు. దానిక్కావలసిన పుల్ల నేనే అందించేను."

"గుడ్లు కూడా పెట్టిందా న్నా?" అన్నాడు ఖాసిం, నవ్వు ఆపుకుంటూ.

"పెట్టింది. పిల్లలయ్యేదాకా ఉండమంది గాని నాకు పనుండి వచ్చీసేను."

ఖాసిం కూడా ఒక చాయ్ అందుకున్నాడు. వ్యాను ఇంజను మాత్రం ఆపలేదు.

"రెండో తప్పు అడుగులో ఉంటది. ఎండుటాకుల మీద మనిషి టపటపా నడుస్తాడు. అలా కాదు. గాలి వీచి అడివంతా గలగలమన్నప్పుడే అడుగెయ్యాలి, గాలి ఆగితే మనమూ ఆగాలి, ఒంటికాలి మీదైనా సరే. ముందు పాదం పక్క అంచు ఆనించి తర్వాత మడమ దించాలి. నేనలా నడుస్తంటే, నా వెనకాలొస్తన్న బావమరిదికి నేను ముందున్నానో లేనో తెలీక, తప్పిపోయేడని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పీసేడు. ఆవిడ ఏడుపు మొదలెట్టేసింది. ఊరంతా నాకోసం దివిటీలట్టుకుని బయల్దేరితే, వాళ్లలో నేనూ కలిసి నన్ను వెతికేను!"

"దొరికినావా?" అన్నాను.

"ఆఖర్న దొరికేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు సంగతి ఇప్పపూల దగ్గరుంది. జింక వెనకాల పడి అడివంతా తిరగడం ఉత్త పిచ్చిపని. అది ఎక్కడికొస్తదో తెలుసుకుని అక్కడ కూర్చోవాలి. ఎండాకాలం తెల్లారగట్ల ఇప్పపూలు రాలతాయి. టప్, టప్ మని. నేలంతా తెల్లగా, తియ్యగా, తడితడిగా... ఆ వాసనుంది చూసేవా..."

అక్కడ ఆగిపోయాడు. నాకు తెలిసి చినబాబు కథ మధ్యలో ఆగడం అదే మొదలు. సందు చివర రోడ్డు మీద తెల్లటి ఎండ కాస్తోంది. దుమ్ముగాలికి బకాలా రేకు తలుపు కొట్టుకుంటోంది.

"ఆ వాసన తల్చుకుంటే ఇప్పుడూ ప్రాణం లాగేస్తది బాషా," అన్నాడు మెల్లగా. "పొద్దున్నే లేచి ముక్కు ఎగబీలుస్తాను, ఎక్కడైనా తగులుద్దేమోనని. కార్ల షాంపూ తప్ప ఏం తగలదు."

"అందుకే గదా పోదాం పా అనేది," అన్నాడు ఖాసిం. "నువ్వు లెయ్ న్నా."

"ఉండవయ్యా, దుప్పి ఇంకా రానే లేదు!" చినబాబు గొంతు మళ్లీ పెంచాడు. "ఆ పూల కోసమొచ్చింది ఒక మగ దుప్పి. ఎంతుందనుకున్నావు? ఇదిగో ఈ వ్యానంత. కొమ్ములైతే నిచ్చెనల్లా పైకి పోయేయి. తొందరపడ్డోడైతే తలకి గురిపెడతాడు. అదే పెద్ద తప్పు. తల ఊరికే కదుల్తంటది. ముందుకాలు పైన, భుజం వెనకాల గురిపెట్టాలి. నేను ఊపిరి బిగబట్టి వదిలేను బాణం. దుప్పిలోంచి దూరి, వెనకున్న టేకు చెట్టులోంచి దూరి, ఆ చెట్టు వెనకాల పడుకున్న అడివి పందిని లేపి, పంది అడ్డం తప్పుకుంటే పోయి కొండకి గుచ్చుకుంది. అక్కణ్ణుంచి ఇప్పటికీ నీళ్లు కారతన్నాయి. మా ఊరోళ్లు బట్టలుతుక్కునేది అక్కడే."

"యా అల్లా!" అన్నాడు ఖాసిం.

"ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట వినండి. దెబ్బ తగిలిందని వెంటనే పరిగెత్తకూడదు. తరిమితే జంతువు భయంతో కొండలు దాటి పోద్ది. తగిలిన చోట గుర్తెట్టుకుని, ఓ చుట్ట కాల్చుకుని, అది ఎక్కడో పడుకున్నాక రక్తపు చుక్కలు చూసుకుంటా నిదానంగా పోవాలి. ఓపికుండాలి."

"నువ్వు ఈడ పన్నెండేండ్ల నుంచి చుట్ట కాలుస్తానే ఉండావు," అన్నాడు ఖాసిం.

చినబాబు ఆ మాట విననట్టే మళ్లీ అందుకున్నాడు.

"నేను నిదానంగానే వెళ్లేను గాని ఆ దుప్పి సామాన్యమైంది కాదు. లేచి గోదాట్లోకి దూకింది. నేను తోక పట్టుకున్నాను. అది ఈదుతంది, నేను వెనకాల తేలతన్నాను, పాపికొండలు రెండు పక్కలా ఒరుసుకుంటా పోతన్నాయి. అక్కడ ఒక లాంచీ ఇసకలో కూరుకుపోయి ఉంది, నిండా పెళ్లివాళ్లు. ముహూర్తం దాటిపోతందని ఒకటే గోల. నాకు జాలేసి, దుప్పి కొమ్ములకి తాడు కట్టి లాంచీని రేవు దాకా లాగించేను. అక్షింతలు పెళ్లికొడుకు మీద వెయ్యాలా, అందరూ నా మీద వేసేరు. ఆ తర్వాత ఆ దుప్పిని ఊరికి తెచ్చేటప్పటికి..."

"అది చచ్చిందా, ల్యాదా?" అన్నాను.

"సిగ్గుపడి చచ్చింది. మా ఊళ్లో వేట మాంసం ఇంటింటికీ వాటా వెయ్యాలి, అది మా పద్ధతి. మా ఊరికి వేసేం, పక్క ఊరికి వేసేం, ఇంకా మిగిలితే రాజమండ్రి దాకా బస్సుల్లో పంపించేం. ఆ కొమ్ముల మీదే పందిరేసి ఆ ఏడు పండగ చేసేరు. నా బతుకులో ఏ పండక్కీ నేను ఉత్తచేతుల్తో ఇంటికి రాలేదు ఖాసిం. ఒక్కసారి కూడా రాలేదు."

ఆఖరి మాట ఎందుకో నవ్వించేలా లేదు. ఖాసిం గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏమీ దొరక్కపోతే ఏం జేస్తారన్నా?"

"దొరక్కపోతే రాకూడదు. వేటలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే." చినబాబు నేల చూస్తూ అన్నాడు. "పండగ రోజుల్లో ఆడాళ్లందరూ కుండల్లో పేడనీళ్లు కలుపుకుని ఊరి మొదట్లో కాపు కాస్తారు. ఉత్తచేతుల్తో వచ్చినోడి మీద కుమ్మరిస్తారు. ఊళ్లోకి రానివ్వరు. ఏం మొగాడివని మొహం మీదే అడుగుతారు. అందుకని దొరికిందాకా అడివిలోనే ఉండాలి. ఎన్నాళ్లైనా సరే ఉండాలి. నేనేం పట్టుకెళ్తానయ్యా ఇప్పుడు? ఈ నీళ్లకి నానిన చేతులు తప్ప ఏం పట్టుకెళ్తాను? నువ్వు పో ఖాసిం. నేను మళ్లీ ఎప్పుడైనా వస్తాను."

"మళ్లీ అనేది ల్యాదన్నా. ఈ వారం దాటితే జైలే."

చినబాబు ఖాళీ గ్లాసుని అరచేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్లూ అతను ఎందుకు పోవడం లేదో నాకు అప్పుడు అర్థమైంది, అర్థమయ్యాక ఇంకా బాధేసింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. లోపలి ఆమె దిగి వచ్చి బెంచీ ఎదురుగా నిలబడి స్కార్ఫు కిందికి లాగింది. పాతికేళ్లుంటాయేమో.

"బాబాయ్, పేడనీళ్లు పోసాక ఏం చేస్తారో అది కూడా చెప్పు మరి," అంది.

చినబాబు తలెత్తాడు. "నువ్వెవరమ్మా?"

"వీరన్న కూతుర్ని, సత్యదుర్గని. నువ్వు ఊరు వదిలినప్పుడు నేను పావడా కట్టుకునే పిల్లని. మీ ఇంటి పక్కిల్లే మాది." ఆమె మా ఇద్దరి వైపు తిరిగింది. "ఈయన చేతిలో దుప్పి కాదు కదండి, కుందేలు చచ్చినట్టు కూడా మా ఊళ్లో ఎవరూ ఎరగరు. దారిలో తుమ్ముతాడని మగాళ్లు ఈయన్ని చివర్న నడిపించేవోరు. ఏటా ఆ పేడనీళ్లలో సగం ఈయన మీదే పడేయి. మా పిల్లలందరికీ పండగంటే అదే."

ఖాసిం పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. చినబాబు మాత్రం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు.

"రానివ్వరని చెప్తన్నావు," అంది సత్యదుర్గ. ఆమె గొంతులో ఎకసెక్కం పోయింది. "ఎప్పుడు రానివ్వలేదు బాబాయ్ నిన్ను? ముందు కుమ్మరించేది మీ ఆవిడే, సూరాయమ్మ పిన్ని, పడీ పడీ నవ్వేది. ఆ తర్వాత చెయ్యట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, వేణ్ణీళ్లు పెట్టి, వీపు రుద్ది, కోడికూరతో అన్నం పెట్టేది. ఆ కోడిని ముందురోజు రాత్రే గంప కింద మూసి పెట్టుకునేది. నువ్వేమీ తేవని ఆవిడికి తెలీదనుకున్నావా?"

చినబాబు గ్లాసు నా వైపు చాచాడు. నేను అందుకుని పక్కన పెట్టాను.

"మొన్న మా అమ్మ ఫోన్లో చెప్పింది," అంది ఆమె. "ఈ పండక్కి కూడా పిన్ని గంప కింద ఒక కోడిని మూసిందంట. ఎవరికే అంటే చెప్పలేదంట. పండగైపోయేక వదిలేసిందంట. ఏటా అంతేనంట."

చినబాబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత లేచి, ఎప్పటిలా చొక్కా కాలరు సవరించుకుని, వ్యాను వైపు నడిచాడు. ముందు సీట్లో ఎక్కి కూర్చుని కిటికీ దించాడు.

"ఔట్‌పాసుకి ఫోటోలు కావాలా ఖాసిం?"

"దావలో తీయించుకుందాం న్నా."

వ్యాను కదులుతుంటే అతని గొంతు మళ్లీ లేచింది, మునుపటంత గట్టిగా. "మా సూరాయమ్మ గురి సంగతి మీకెవరికీ చెప్పలేదు కదూ? నూరు మంది మగాళ్లలోంచి నన్నే కొట్టేది, ఒక్క చుక్క పక్కోడి మీద పడేది కాదు. ఈసారి పన్నెండేళ్లవీ కలిపి ఒక్కసారే కుమ్మరిస్తది చూడు. కుమ్మరించనీ. ఇదివరకు పారిపోయేవాణ్ణి, ఈసారి కదలకుండా నిలబడతాను."