గ్రీజుకి అంటిన ఇసుక

పట్టపగలే పొగమంచు కమ్మి ఒడ్డు కనపడటం లేదు. పడవలో ఉన్నది మేనమామా, మేనకోడలూ ఇద్దరే. అడుగున ఏముందో తెలియడానికి అతను సీసపు గుండుకి గ్రీజు పూసి, తాడుతో నీళ్ళలోకి వదిలి పైకి లాగాడు. గ్రీజుకి ముతక ఇసుక అంటుకుని వచ్చింది.

"ఇసుక అంటిందంటే నీళ్ళలో మునిగున్న రాళ్ళ పక్కకొచ్చేశాం. పడవ వెనక్కి తిప్పవే."

"ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వచ్చేశాం, ఇంకాసేపట్లో ఇంట్లో ఉంటాం అన్నావుగా మామయ్యా?"

"మొగలో అయితే బురద అంటాలి. నలభై ఏళ్ళుగా చూస్తున్నా."

"మొన్నటి తుఫానే ఇసుకని ఇక్కడికి ఈడ్చిందేమో."

"అలలు పైన ఎగురుతాయి గానీ, అడుగు ఊడుస్తాయా పిచ్చిదానా?"

"అంత పెద్దవైతే ఊడుస్తాయి. గెడ గుచ్చి చూడు."

నలభై ఏళ్ళ అనుభవం ఒక్కోసారి కళ్ళకి గంతలు కడుతుంది. అతను గొణుక్కుంటూనే వెదురు గెడని బలంగా దించి లాగాడు. కొసన నల్లటి బురద ఉంది.

"చూశావా? పైన జానెడు కొత్త ఇసుక, కింద నీ పాత బురద. మొగలోనే ఉన్నాం."

"రాళ్ళ దగ్గర ఇసుక కింద ఏముందో నేనెప్పుడూ గుచ్చి చూడలేదే."



"అయితే ఎటు పోదాం?"

"ఉన్న డీజిలు ఒక్క వైపుకే వస్తుంది. ఏమో, నాకేం పాలుపోవడం లేదు. నువ్వే చెప్పు."

"ముందుకే."

"సరే, పోనీ. నేను ముందు కూర్చుని గెడతో తడుముతుంటా. రాయి తగిలితే అరుస్తా."

"తగిలాక అరిస్తే ఏం లాభం మామయ్యా?"

"గెడకి తగిలాక పడవకి తగలడానికి ఇంకా నాలుగు మూరల దూరముంటుంది. మెల్లగా పోనీ."