గిత్త మందు

చాట్రాయి దగ్గర మామిడితోటలో లక్ష్మీనరసింహారావుగారి ఇల్లు. లోపలి గదిలో ఆయన పదహారేళ్ల కొడుకు ప్రభాకరం పొద్దుటినుంచి వాంతులతో మెలికలు తిరుగుతున్నాడు; పక్కనే తల్లి సుబ్బరత్నమ్మ, డాక్టరూ ఉన్నారు. వసారా స్తంభానికి కట్టేసి ఉన్న పాలేరు పెద్దిరాజుకు ఆ మూలుగు వినపడినప్పుడల్లా తాడు ఇంకాస్త బిగిసినట్టుంది.

“ఏం పెట్టావురా వాడికి?”

“నేనేం పెట్టలేదండీ అయ్యగారూ.”

“కొట్టంలో పడిపోయి ఉన్నాడు. చేతిలో గిత్త మందు పొట్లం. రోజూ దాన్ని ఉలవల్లో కలిపేది నువ్వు. ఇంకెవడు పెడతాడు?”

“నేను గిత్తకే కలుపుతానండీ. బండలాగుడు పందేనికి ఒళ్లు నిగనిగలాడాలని మీరు తెప్పించిన పాషాణమేగా అది.”

“విస్సన్నపేట ఠాణాకి మనిషిని పంపా. పోలీసులొచ్చేలోపు నిజం చెప్పు.”

“చెబితే నమ్మరండీ.”

“చెప్పరా.”

“అబ్బాయిగారే తిన్నారండీ.”

“వాడికి చచ్చిపోవాల్సిన కర్మేంటి?”

“చావడానికి కాదండీ. ఛాతీ కోసం.”

“ఛాతీ ఏంటి?”

“గంపల పాక గోడకి డేరా సినిమావాళ్లు బొమ్మ అంటించారు చూడండి. చొక్కా లేకుండా, కండలు తిరిగి, సింహం మెడ పట్టుకున్నవాడు...”

“ఆ పిచ్చి నాకూ తెలుసు. తోటలో అందరం నవ్వుకున్నదే.”

“మీరు నవ్వుకున్నారండీ. ఆయన రోజూ పొద్దున్నే చొక్కా విప్పి ఆ బొమ్మ పక్కన నిలబడేవారు. గంపలు కుట్టే పురికొస నా చేతికిచ్చి కొలవమనేవారు. బొమ్మ ఛాతీకో ముడి, ఆయన ఛాతీకో ముడి.”

“ఆ బొమ్మ మనిషికన్నా పెద్దది కదరా.”

“అదే చెప్పానండీ. రంగులేసేవాడు ఎంత కావాలంటే అంత వేస్తాడు బాబూ అన్నా. వినలేదు. రెండు నెలలైనా ముడి కదల్లేదు. అదే రెండు నెలల్లో గిత్త చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉండేది, ఇప్పుడు వీపు మీద చెయ్యి వేస్తే జారిపోతోంది. ఆయనా రోజూ చూస్తూనే ఉన్నారు.”

“కథలు చెప్పకు. మందు ఇనప్పెట్టెలో ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకి ఉంటుంది. రోజూ నన్నడిగి పట్టుకెళ్లేది నువ్వే. నిన్న బేరాల హడావుడిలో గమనించలేదు గానీ, వచ్చింది నువ్వే అయ్యుంటావు.”

“నిన్న నేను రాలేదండీ.”

“మరెవరొచ్చారు?”

“వద్దులెండి.”

“ఎవరురా?”

“వద్దండీ. నన్నే పోలీసులకి అప్పజెప్పండి.”

“ఎవణ్ణి కాపాడుతున్నావు? తాళంచెవి వాడికెవరిచ్చారు? తినమని ఎవరు చెప్పారు?”

“రావుగారూ.”

“ఒక్క నిమిషం ఉండండి డాక్టరుగారూ. వీడి చేత పేరు చెప్పిస్తున్నా.”

“ఇక తొందరేం లేదండీ. మీరు లోపలికి రండి. సుబ్బరత్నమ్మగారిని పట్టుకోవాలి.”

“అంటే... వాడు?”

“పోయాడండీ. ఇప్పుడే. రండి రావుగారూ.”

“వస్తా. మీరెళ్లండి. పెద్దిరాజూ, ఇప్పుడు చెప్పు. నిన్నేమీ చెయ్యను. వాడెవడో చెప్పు చాలు. ఈ తోటలోనే పాతేస్తా.”

“నా చేతులు పేడగా ఉన్నాయని, తాళంచెవి తెమ్మని అబ్బాయిగారిని నేనే పంపానండీ. కాయలు తూచే కాటా దగ్గరికి. అక్కడ నూజివీడు బేరగాళ్లు పదిమంది ఉన్నారు.”

“ఊఁ.”

“తాళంచెవి చేతిలో పెడుతూ ఒకరన్నారంట. ‘గిత్తకి పెట్టింది చాల్లే, కాస్త నువ్వూ మింగు, బొమ్మలోవాడిలా తయారవుతావు’ అని. బేరగాళ్లంతా పగలబడి నవ్వారంట.”

“నువ్వేమన్నావు?”

“వద్దు బాబూ, పశువుల మందు మనిషికి పడదు, అది నవ్వులాటకి అన్న మాట అని చెప్పానండీ. ఆయనా నవ్వేస్తారనుకున్నా. నవ్వలేదు.”

“ఏమన్నాడు?”

“‘మా నాన్న ఊరికే అంటాడా పెద్దిరాజూ’ అన్నారండీ.”