ఆవిరి బోరు

ఈ టీ అయిపోతే చెట్లు కొట్టే లేవి తోటలోకి పోయి రంపం మిషన్ మొదలుపెడతాడు. వీరభద్రయ్యకు ఆ సంగతి తెలుసు. నీళ్లు లేక ఎండుతున్న మామిడితోటను నరకమని చెప్పింది తనే. మాట సాగినంతసేపు చెట్లు నిలబడి ఉంటాయి గనుక, భీమమ్మ టీ అంగట్లో బెంచీ మీద సర్దుకుని కూచుని ఆయన మాట ఎత్తుకున్నాడు.

"నీళ్లు లేవని ఎవురన్నారప్పా? అందరూ ఎనిమిదొందల అడుగులకు చాలించుకుంటే, పోయిన వారం నేను వెయ్యి దాకా బోరు దించినా."

బనగానపల్లె పక్కన వెయ్యి అడుగులంటే వింతేమీ కాదు. లేవి తలూపాడు.

అక్కడా ఆగక రెండు వేలకు పోయేసరికి నీళ్లు తగిలాయట. నిప్పులాంటి నీళ్లు, అయినా ఒక్క బుడగ లేదు. ఎందుకు లేదో చెప్పడానికి వీరభద్రయ్య తను చదివిన కర్నూలు కాలేజీకి పోయి, ఫిజిక్సు సారు మీసాల దగ్గర కాసేపు నిలబడి, ఆ సారు సైకిలు పోయిన కథ కూడా ముగించి, మళ్లీ బోరులోకి దిగాడు.

"కుక్కర్‌లో నీళ్లు నూరు డిగ్రీలకు మరుగుతాయా భీమమ్మా? మరగవు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేడి కావాల. నెత్తిన రెండు వేల అడుగుల నీళ్లు కూచుంటే, రెండింతలు కాలినా కదలవు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గె. బుస్సుమని అంతా ఆవిరై లేచిపాయె. ఊరందరి అన్నం దాని మీదనే ఉడికె."

"నా అన్నం మాత్రం పొయ్యి మీదనే ఉడికిందన్నా," అంది భీమమ్మ.

ఆయన వినిపించుకోలేదు. ఇంకా కిందికి పోతే రాయి ఎర్రగా కాలి ఉందట. భూమి బరువంతా అదుముతుంటే కరగలేక అట్లే ఉందట. బోరు దిగడంతో మూత తీసినట్టయి, బెల్లం పాకంలా కరిగి పైకి పొంగిందట. రాయచోటి దాకా నేల అదిరితే, బోరు మూతి మీద తనే కాలు పెట్టి అదిమాడట.

"కాలు కాలలేదా?" అంది భీమమ్మ.

"చెప్పు కాలింది. అది పోనీ లేవీ, ఆవిరి సల్లారితే నీళ్లే గదా. పట్టేదానికి తొట్టి కట్టిస్తాండా. ఒక్క నెల ఆగితే చెట్లు తేరుకుంటాయి."

లేవి గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దున తోట చూసొచ్చినా పెద్దయ్యా. ఆవిరి లేచింటే ఆకులు తడవాల గదా. అన్నీ తెల్లగా ఉండాయి. చూడు, నా చొక్కాకు గూడా అంటింది. రాతి పిండి."

ఎవరూ నవ్వలేదు. నీళ్లు పడని బోరు వేస్తే లేచేది రాతి దుమ్మేనని అక్కడ కూచున్న అందరికీ తెలుసు. లేవి మిషన్ అందుకుని, ఏ పక్కనుంచి మొదలుపెట్టాలో మెల్లగా అడిగాడు.

"దావ పక్కనుంచి పెట్టుకో నాయనా. ఇంటి పక్కవి కడాకు కొట్టు. మా ఆమెకు చూపు ఆనదు గాని చెవులు బాగుండాయి. ఆమెకు గూడా ఆవిరనే చెప్పినా."