టెంకాయ అని కొట్టు

కల్లూరు ఇంటర్నెట్ షాపులో కంప్యూటర్ ముందు షాపాయన, పక్కనే ఒకామె.

"బోరు పాయింట్లు పెట్టే వీరభద్ర పేరు కొడితే ఏమీ రాలేదక్కా."

"కాలేజీలో ఉన్నప్పుడు ఇంటర్నెట్లో న్యూస్‌గ్రూపులని చర్చలు నడుస్తుండె, వాటిల్లో రాసేవాడప్పా. ఇంగ్లీషు అక్షరాల్లో టెంకాయ అని కొట్టు."

"పాత పోస్టులు వెతికే సైటు వేరే ఉండాది, ఆగు. ఆఁ, దొరికింది. 'అరచేతిలో టెంకాయ నిలువుగా లేస్తే ఆ చోట భూమిలో నీళ్లున్నట్టని చెప్పేది పచ్చి మోసం.' కింద ఆయప్ప పేరే."

"ఆ టెంకాయ చూపించే మా చేన్లో బోర్లు వేయించినాడు. అన్నింట్లో దుమ్మే లేచింది. చేను అమ్ముకున్యాం."

"ఫేస్‌బుక్‌లో పెడదామా?"

"వద్దు. పెద్దక్షరాలతో ప్రింటు తీయి. రేపు మా వదినోళ్ల చేన్లో పాయింటు పెట్టనీకి వస్తాండాడు. ఊరంతా ఆడే ఉంటాది."

"నువ్వు చదువుతావా?"

"నేనెందుకు? టెంకాయకు బదులు ఈ కాగితం ఆయప్ప అరచేతిలో పెట్టి, ఆ నోటితోనే చదివిస్తా."