ఛార్జింగ్ ఎక్కే బండి

"ఆగరా బావమరిదీ, ఆ ఫోను జేబులో పెట్టు! నన్నడక్కుండా బండి కొనేద్దామనా? పిన్నీ, రెండు టీలు పెట్టు. వీడికి చక్కెర వెయ్యకు.

మీరూ వినండి కండక్టర్ గారూ. వీడు మా ఆవిడ తమ్ముడు, టైలరు. పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని షుగరు తెచ్చుకున్నాడు. మూడు నెలల్లో ఒళ్ళు తగ్గకపోతే రోజూ ఇంజెక్షనేనన్నాడు డాక్టరు. బుద్ధెరిగినప్పట్నుంచీ సూది పట్టుకుని బతికేవాడికి సూదంటే భయం, విన్నారా! అందుకని ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కుతాడట. షాపులో రెండు మిగిలాయి. ఎర్రదానికి చిన్న బ్యాటరీ, తొక్కితేనే కదుల్తుంది, అరవై కిలోమీటర్లకి చేతులెత్తేస్తుంది. నల్లది అచ్చం నా బండే, అదిగో బయట పెట్టానే, అదే. నూటయాభై కిలోమీటర్లు! హ్యాండిల్ తిప్పితే చాలు, తొక్కకపోయినా పోతుంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇందులో ఆలోచించడానికి ఏముందిరా?"

"అదే బావా, ఏది తీసుకుంటే ఒళ్ళు తగ్గుతుందా అని," అన్నాడు టైలరు.

"నన్ను చూసి నేర్చుకో! రెండు నెలల కింద బండి తెచ్చిన రోజు, నీళ్ళ ట్యాంకు మెరక ఎక్కాను. స్కూటర్లే మూలిగే చోటు. ఈల వేసుకుంటూ ఎక్కేశాను."

"తొక్కావా, హ్యాండిల్ తిప్పావా?"

"తొక్కానురా! హ్యాండిల్ తిప్పడం చేతకానివాళ్ళ పని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెరక దిగుతుంటే ముందో బస్సు. హారన్ కొట్టాను, తప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండి నాలుగు తొక్కులు తొక్కేసరికి బస్సు వెనకబడిపోయింది."

"ఏ నంబరు బస్సండీ? మాదేనా?" అన్నాడు కండక్టరు.

"నంబరు చూసే టైము ఇచ్చానా దానికి? సరే, వంద కిలోమీటర్లు పోయాక ఛార్జింగ్ మీటరు చూద్దును కదా, బయల్దేరినప్పుడు నూరు శాతం, ఇప్పుడు నూటఇరవై! నా తొక్కుడుకి ఛార్జింగ్ తగ్గడం మానేసి ఎక్కుతోంది! ఇంటికొచ్చి వైరు గోడకి పెడితే కరెంటు బండిలోంచి ఇంట్లోకి పోయింది. ఆ రోజు వీధంతా కరెంటు లేదు, మా ఇంట్లో మాత్రం ఫ్రిజ్జు గుర్రుమంటోంది. ఒట్టు, ఇంతవరకూ ఈ బండికి ఛార్జింగ్ పెట్టి ఎరగను."

టీ కొట్టు పిన్ని గ్లాసులు బల్లమీద పెట్టింది. "మొన్న నా ఫ్యాను ప్లగ్గు పీకి పెట్టుకున్నావు కదయ్యా?"

"పెట్టుకోవడం కాదు పిన్నీ, నీ కరెంటు నీరసంగా ఉందని కాస్త ఎక్కించి పోయాను. మంచికి పోతే మాటలు పడాలి! అది సరే, అసలు కథ ఇప్పుడుంది. రైల్వే గేటు దగ్గర రైలు ఆగిపోయింది. ఇంజను చచ్చింది. జనం దిగి ఏడుపు మొహాలు. డ్రైవరు నా బండిని చూశాడు, నా పిక్కలు చూశాడు, దండం పెట్టాడు. ఏం చేస్తాను, కాదనలేక తాడు కట్టాను. పద్దెనిమిది పెట్టెలు! మొదటి తొక్కుకి చక్రాలు కిర్రుమన్నాయి, రెండో తొక్కుకి కదిలింది, మూడో తొక్కుకి డ్రైవరు కిటికీలోంచి 'నెమ్మదండీ, పిల్లలున్నారు' అని కేక. ఎంత వేగమంటే, స్టేషన్‌కి రైలు రావాల్సిన టైముకన్నా ముందొచ్చేసింది. స్టేషన్ మాస్టరు కంగారుపడి గడియారం ముందుకు తిప్పాడు!"

"అయితే ఆ రోజు నేను డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది అందుకే," అన్నాడు కండక్టరు, గంభీరంగా.

"మరి! ఇంక ఒళ్ళంటావా, ఎంత తగ్గిందంటే, గాలి వీస్తే ఎగిరిపోతానని జేబుల్లో రాళ్ళు వేసుకుని తిరుగుతున్నాను. నడుము చూడు, బెల్టు రెండు చుట్లు వస్తోంది. నల్లబండి కొనరా, సూది నీ జోలికి రాదు!"

టైలరు టీ తాగడం ముగించి, పక్కనున్న సంచిలోంచి మడతపెట్టిన పాంటు తీసి బావ ఒళ్ళో పెట్టాడు.

"నీ పాంటే. వదులు చెయ్యమని అక్క ఇచ్చి పంపింది, నీకు చెప్పొద్దంది. పోయిన నెల రెండంగుళాలు వదులు చేశాను. కుట్టులో దాచిన గుడ్డంతా అప్పుడే అయిపోయింది. ఈసారి వెనకాల వేరే ముక్క వేశాను. రంగు కలవలేదు, ఏమనుకోకు."

పిన్ని బయటికి తొంగిచూసింది. "అవునయ్యా, పెడళ్ళకి షాపువాడు చుట్టిన కవరు ఇంకా అలాగే ఉందే!"

బావ పాంటుని చటుక్కున తొడ కింద దాచేశాడు. టైలరు అప్పటికే ఫోను తీసి షాపుకి చెప్పేశాడు. "ఎర్రదే ఉంచండి. ఆ, తొక్కితేనే కదిలేది." ఫోను పెట్టేసి లేచాడు. వారం నుంచీ కంటిమీద కునుకు లేని మనిషి, ఇప్పుడు మొహం వెలిగిపోతోంది.

"రేపు పొద్దున్న ఐదున్నరకి నీళ్ళ ట్యాంకు మెరక దగ్గరికి వచ్చెయ్యి బావా. కలిసి తొక్కుదాం."

"ఓస్, దానికేం! రాత్రికి ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని..."

"ఛార్జింగ్ ఎందుకు? ఖాళీ బ్యాటరీతోనే రా. నువ్వు తొక్కితే ఎక్కుతుందిగా."