చెమట ఆరని గాలి

హలో… ఆ, అక్కనేరా. అరవకు, వినపడుతోంది.

…పొద్దుటి నుంచీ చేస్తున్నా. నువ్వు ఎత్తితేగా! …స్లాబు పోస్తున్నావని తెలిసే చేస్తున్నా. మనుషుల్ని కిందికి దించెయ్.

…నవ్వకు. తెల్లారే మా ఆఫీసులో వాతావరణ బెలూన్ వదిలాం… ఆ, అదే, నువ్వు పుట్టినరోజు బుడగ అని వెక్కిరిస్తావే, అదే. పైనుంచి అది పంపిన లెక్కలు చూశాకే నీకు ఫోన్ చెయ్యడం మొదలెట్టా. గాలి నిండా తేమే.

…ఎండ గురించి కాదు నేను చెప్పేది. పోయినేడు ఇంతకంటే ఎక్కువే కాసింది, ఒప్పుకుంటా. కానీ అప్పుడు గాలి పొడిగా ఉంది. చెమట పట్టినట్టే పట్టి ఆరిపోయేది. ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోయేది. ఇవాళ ఆ గాలిలో ఇంకో చుక్కకి చోటు లేదు. చెమట కారుతుంది, ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. అర్థమవుతోందా?

…నాన్న కూడా ఎండలోనే పనిచేశాడు, సరే. నాన్నకి రాత్రయితే చల్లబడేది. నిన్న రాత్రి నీకు కునుకు పట్టిందా? …మరి! పగలు కాగిన నేల రాత్రికి ఆ వేడిని పైకి వదిలెయ్యాలి. మనం బొగ్గూ పెట్రోలూ తగలేసి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఉందే, అది వెలుగుని లోపలికి రానిస్తుంది గానీ, వేడిని తిన్నగా పోనివ్వదు. కొంత మళ్ళీ మన నెత్తినే పోస్తుంది.

…చిటికెడేరా, కాదన్నానా? పాలలో తోడు బిందెడు వేస్తారా ఏంటి? …అసలు లేకపోతే భూమంతా మంచుగడ్డే, ఆ మాటా నిజమే. ఉండటం తప్పు కాదు, ఇలా పెంచుకుంటూ పోవడమే. గాలి వేడెక్కేకొద్దీ దాని కడుపు పెద్దదవుతుంది. సముద్రం నుంచి ఇంకాస్త ఆవిరి తాగుతుంది. ఆ ఆవిరీ వేడిని ఆపుతుంది. ఇద్దరూ ఇద్దరే, ఒకరికొకరు వత్తాసు. అందుకే—

…ఏంటీ?

…చలా? చలేస్తోందా నీకు?

ఎక్కడున్నావు? …స్లాబు మీదేనా? టోపీ ఉందా? …నీ మాట ఇందాకటి నుంచీ ముద్దముద్దగా వస్తోంది. ఏదో నములుతున్నావనుకున్నాను.

సరే సరే. తిట్టను. నాతో మాట్లాడుతూ ఉండు. మీ పాప ఏ క్లాసిప్పుడు? …తొందరేం లేదు, ఆలోచించు.

…

పాప పేరు చెప్పు నాన్నా. పేరొక్కటి చెప్పు.

…పక్కన ఎవరున్నారు? ఫోన్ వాళ్ళకివ్వు. ఎవరికైనా సరే ఇచ్చెయ్— ఒరేయ్! ఏంటా చప్పుడు? …హలో! హలో! ఎవరైనా ఉన్నారా అక్కడ?

…ఎవరండీ? మేస్త్రి గారా? నేను మీ కాంట్రాక్టరు అక్కని. …పడిపోయాడా? తలకి తగిలిందా? …ఊపిరి? ఊపిరి ఆడుతోందా? …హమ్మయ్య.

వినండి. ఒకరు అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి, ఇప్పుడే. మిగతా వాళ్ళు వాణ్ణి ఎత్తి నీడకి తీసుకెళ్ళండి. …మెట్ల కింద చాలు. …ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి. …కాలిపోతోందా. చొక్కా తీసెయ్యండి. బూట్లు కూడా.

స్లాబు తడిపే పైపు ఉంటుందిగా? ముందు కిందికి వదలండి, ఎండకి కాగిన నీళ్ళన్నీ పోవాలి… చల్లగా వస్తున్నాయా? పొయ్యండి. తల మీద, గుండె మీద. ఆపొద్దు.

…వద్దొద్దు! తాగించకండి! తెలివి సరిగ్గా లేని మనిషి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. …అట్టముక్కతో విసిరితే చాలదండీ. తడి ఆరితేనే కదా చల్లబడేది, ఇవాళ ఆరదు. ఎదురుగా కూల్‌డ్రింక్ షాపు ఉందా? ఐసు పట్టుకురమ్మనండి, ఎంతుంటే అంత. మెడ చుట్టూ, చంకల్లో, తొడల మధ్య పెట్టండి.

…నేను ఏడవట్లేదు. మీరు నీళ్ళు పొయ్యండి.

…

…ఏమైందండీ, ఏదో ఒకటి చెప్పండి!

…కళ్ళు తెరిచాడా? ఏమంటున్నాడు? …సిమెంటు బస్తాలు తడుస్తాయంటున్నాడా! …తిట్టనివ్వండి. నన్నూ మిమ్మల్నీ కలిపి తిట్టనివ్వండి. మీరు మాత్రం పోస్తూనే ఉండండి.

…అంబులెన్సు వచ్చిందా? ఎక్కించారా? డాక్టరు దగ్గర ఎండదెబ్బ అని గట్టిగా చెప్పమనండి. …పెద్దాసుపత్రికేనా? బయల్దేరుతున్నా.

…ఆగండాగండి. ఏమన్నారు? మిగతా వాళ్ళు మళ్ళీ పైకెక్కారా? …గట్టిపడితే పడనివ్వండి! కాంక్రీటు పగలగొట్టి మళ్ళీ పోసుకోవచ్చు. …కాంట్రాక్టరు గారు చెప్తేనే దిగుతారా? ఆయన చెప్పే స్థితిలో ఉన్నాడా మేస్త్రి గారూ? …ఫోన్ పైకి తీసుకెళ్ళండి. స్పీకర్ పెట్టండి.

…పెట్టారా?

అమ్మా, అయ్యా, అందరూ వినండి. మీ కాంట్రాక్టరు అక్కని. వాతావరణ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున మా వాడు మీలాగే దుక్కలా ఉన్నాడు. ఇప్పుడు కూతురి పేరు కూడా చెప్పలేకపోయాడు. వాడు మెతక మనిషి కాదని మీకూ తెలుసు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఇవాళ మూసుకుపోయింది, మీకూ అంతే. సాయంత్రానికీ తగ్గదు. బకెట్లు అక్కడే వదిలేసి దిగండి. రేపటి నుంచి తెల్లవారుజామునే మొదలుపెడదాం, ఎండెక్కకముందే ఆపేద్దాం. వాడితో నేను మాట్లాడతా.

…

మేస్త్రి గారూ, ఎవరైనా కదిలారా?

…ఎవరు? ఇసుక మోసే ఆవిడా? …ఒక్కతే దిగుతోందా. …వెనక ఇంకొకరా. …ఆ, ఆ, వినపడుతోంది. ఇనుప మెట్ల మీద అడుగులు నాకు వినపడుతున్నాయి. …ఉంటా, ఆఖరి మనిషి దిగేదాకా లైన్లోనే ఉంటా.

…అందరూనా? …మరి మీరో? అయ్యో, మీరింకా పైనే నిలబడి నాతో కబుర్లా! దిగండి మహానుభావా, దిగండి. పెట్టేస్తున్నా.